రసమట్టం నిలిచిన చోట

నాకు నోరెక్కువ. దిల్‌సుఖ్‌నగర్‌లో పందొమ్మిదేళ్ళు మైకు లేకుండా రెండొందల మంది పిల్లలకి ఫిజిక్స్ చెప్పిన గొంతు నాది. ఆఖరి బెంచీలో గుసగుసలాడే వెధవకి కూడా ఉలిక్కిపడేలా వినిపించేది. ఇప్పుడు గట్టిగా మాట్లాడటం మానేశాను. మా ఆయన్ని పేరు పెట్టి అసలు పిలవను. ఎందుకో చెబుతాను.

నా పేరు ఇంద్రాణి. మా ఆయన మురళీకృష్ణది రేపల్లె. కరెంటు ఆఫీసులో ఏఈగా చేసి ముందే రిటైర్మెంటు తీసుకున్నాడు. మొగుణ్ణి పేరు పెట్టి పిలిచేదాన్నని మా తోడికోడలు ఇప్పటికీ మూతి తిప్పుకుంటుంది. తిప్పుకోనీ. అతను ఇందూ అనేవాడు, నేను మురళీ అనేదాన్ని. మాకు పిల్లల్లేరు. ఇద్దరికి ఇంత ఇల్లెందుకని ఉన్నది అమ్మేసి, పాత స్కూలు వ్యానొకటి కొని, ఆటోనగర్‌లో లోపలంతా కట్టించుకుని, అందులోనే కాపురం పెట్టాం.

ముందు రెండు సీట్లు. వాటి వెనక ఒంటి పొయ్యి, అరచెయ్యంత సింకు, దాని కింద డెబ్భై లీటర్ల నీళ్ళ ట్యాంకు. అక్కణ్ణుంచి వెనక తలుపు దాకా మంచం. తలలు వెనక తలుపు వైపు, కాళ్ళు పొయ్యి వైపు. ఆ బండిలో ఒకరు నిలబడాలంటే రెండోవాళ్ళు కూర్చోవాలి. నేను కాఫీ కలుపుతుంటే మోచెయ్యి తగిలిందని, తడి తువ్వాలు నా దిండు మీద పడేశాడని రోజుకి పదిసార్లు పోట్లాడుకునేవాళ్ళం. అరకు, హంపి, గోకర్ణ, ధనుష్కోటి... పోట్లాడుకుంటూనే పదహారు నెలలు తిరిగాం. నా బతుకులో అంత సుఖం ఎప్పుడూ లేదు.

నిరుడు నవంబరులో సూర్యాపేట దాటాక మురళికి ఛాతీలో నొప్పి వచ్చింది. స్టీరింగు నేను అందుకున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో మాకు తెలిసిన ఆసుపత్రి దాకా ఎలా వచ్చానో నాకే తెలీదు. రెండు స్టెంట్లు వేశారు. నాలుగో రోజున ఇంటికి పొమ్మన్నారు. ఇల్లు ఎక్కడుంది మాకు? వారం తర్వాత మళ్ళీ చూపించాలి, అందాకా ఆసుపత్రికి దగ్గర్లో ఉండండి, మెట్లు ఎక్కకూడదు, పడుకున్నప్పుడు తల పల్లంలో ఉండకూడదు అన్నాడు డాక్టరు. మా బావగారు సాంబమూర్తిగారిల్లు కొత్తపేటలోనే. మూడో అంతస్తు, లిఫ్టు లేదు.

"మన బండి ఉండగా ఇంకొకళ్ళ కొంప దేనికి ఇందూ," అన్నాడు మురళి.

బండిలో బతికేవాళ్ళకి మిగతా బాధలు తక్కువే గానీ చదునైన నేల దొరకడం పెద్ద బాధ. రోడ్డు వేలెడు వాలినా పెనం మీద నూనె ఒక పక్కకి పోతుంది, నిద్రలో ఒకరి మీదికి ఒకరం దొర్లుతాం. మామూలప్పుడు నవ్వుకునేవాళ్ళం. ఇప్పుడు నవ్వులాట కాదు. తల పల్లంలో పడితే మురళికి ఊపిరాడదు. మేస్త్రీలు గోడ సరిగ్గా ఉందో లేదో చూసే రసమట్టం ఉంటుంది చూడండి, గాజు గొట్టంలో బుడగ కదిలేది, అదొకటి మా డాష్‌బోర్డు మీద అతికించుకున్నాం. దాన్ని చూసుకుంటూ ఆ పొద్దంతా తిరిగాను. కొత్తపేట గల్లీలు, మెట్రో స్తంభాల కింద, స్టేడియం వెనక. ఎక్కడా బుడగ మధ్యలో నిలవలేదు.

చివరికి సరూర్‌నగర్ చెరువు వెనక, కాలనీ ఇళ్ళు అయిపోయే మలుపు దగ్గర, వేపచెట్ల నీడలో ఖాళీ జాగా కనబడింది. బండి ఆపాను. బుడగ గీతల మధ్యకి వచ్చి కదలకుండా ఆగింది. ఇంత చదును నేల సిటీలో ఎవరు వదిలేశారా అని ఆశ్చర్యపోయాను. చంటిపిల్లలా చప్పట్లు కొట్టాను కూడా.

మలుపుకి అవతల ముత్తమ్మ అనే ఆవిడ మిర్చి బజ్జీల బండి ఉంది. అరవై ఏళ్ళుంటాయి. చేతిలో జల్లిగంటెతోనే వచ్చింది.

"అమ్మా, గీడ పెట్టిండ్రేంది బండి? గిది పాడె దించే జాగ."

"ఏమిటీ?"

"ఎవలన్న సచ్చిపోతే గీడిదాక తెచ్చి దించుతరు. కొడుకు చెవుల పిలుస్తడు మూడుసార్లు. లేస్తడేమో అని ఆశ గద. లెవ్వకుంటే గటు తీస్కపోతరు." చెరువు అవతల శ్మశానం వైపు జల్లిగంటె చూపించింది.

నాకు తెలియనిదేం కాదు. మా వైపూ ఉంది, దింపుడు కళ్ళం అంటాం. చావు ఖాయమైపోయాక కూడా మనిషి ప్రాణం ఒప్పుకోక చేసే ఆఖరి పిచ్చి పని అనుకునేదాన్ని. రోడ్డు వాలుగా ఉన్నా ఈ ముక్క ఒక్కటే ఎందుకు చదునుగా ఉందో అప్పుడర్థమైంది. పాడె దొర్లకూడదని తరతరాలుగా చదును చేసుకుంటూ వచ్చారు.

"లోపల గుండె జబ్బు మనిషి ఉన్నాడమ్మా. వారం రోజులే. ఎవరన్నా వస్తే బండి తీస్తాను," అన్నాను.

"తియ్యాలె మరి," అంది ముత్తమ్మ. రెండు మిర్చి బజ్జీలు కాగితంలో పెట్టిచ్చి పోయింది.

మురళి రాత్రిళ్ళు నిద్రపోవడం లేదు. కళ్ళు మూస్తాడు, ఉలిక్కిపడి తెరుస్తాడు. "పడుకుంటే మళ్ళీ లేవనేమో ఇందూ," అన్నాడు ఒకసారి. ఎప్పుడూ జోకులేసే మనిషి అలా అన్నాడు. ముక్కు దగ్గర రెండు వేళ్ళు పెట్టి ఊపిరి చూసుకుంటూ నేనూ నిద్రపోలేదు. అతనికి ఏమైనా అయితే ఈ బండి తీసుకుని నేనెక్కడికి పోను? నాకు ఇంకెవరున్నారు?

రెండో రోజు మధ్యాహ్నం, మూడు గంటలకి, పెరుగన్నం తిని పడుకున్నాడు. ఈసారి నిజంగా నిద్రపట్టింది. సన్నగా గురక. ఆరు రోజులకి ఆ గురక విన్నాను. ఏడుపొచ్చింది నాకు. పక్క తలుపు తీసి మెట్టు మీద కూర్చుని మెంతికూర ఒలుచుకుంటున్నాను.

నాలుగు కావస్తుండగా డప్పులు వినిపించాయి.

మొదట దూరంగా, కాలనీ లోపల ఎక్కడో. తర్వాత గల్లీ మొదట్లో. సాంబ్రాణి వాసన, బంతిపూల వాసన ముందుగా వచ్చాయి. తాళం చెవి తీసుకుని లేచాను. ఇచ్చిన మాట ప్రకారం బండి తియ్యాలి. కానీ మాది పాత డీజిలు ఇంజను. స్టార్టు చేస్తే మంచం మంచమంతా ఊగిపోతుంది. లోపలికి చూశాను. మురళి నోరు కొంచెం తెరుచుకుని, ఏ బాధా లేకుండా పడుకున్నాడు. లేపాలనిపించలేదు. నా చేతులు రాలేదు, అంతే.

ఎదురెళ్ళి దణ్ణం పెట్టాను. నిప్పుల కుండ పట్టుకుని ముందు నడుస్తున్న మనిషికి ముప్పై అయిదేళ్ళుంటాయి. తడిబట్టలు, వాచిన కళ్ళు.

"బాబూ, తప్పే. బండి తియ్యాల్సింది. మా ఆయనకి గుండె ఆపరేషనైంది, ఇన్నాళ్ళకి ఇవాళే కన్నంటుకుంది. బండి వెనకాల చోటుంది... అక్కడ దించుకుంటారా?"

వెనకున్న పెద్దమనిషి విసుక్కున్నాడు. "జాగ గదే గద. తియ్యమను."

"వద్దు పెదనాయినా," అన్నాడు నిప్పుల కుండ పట్టుకున్నతను. "పండుకోనియ్యి. మా నాయిన ఎవ్వల నిద్ర చెడగొట్టేటోడు కాదు."

ఎంత మంచివాడో అనుకున్నాను. డప్పులవాళ్ళకి నోటి మీద వేలు పెట్టి సైగ చేస్తే ఆపేశారు. పాడెని బండి వెనక దించారు. శవం తల మా తలుపు వైపు వచ్చింది. ఆ పెద్దాయన తలకీ, లోపల మురళి తలకీ మధ్య ఒక్క రేకు. రేకులోంచి శబ్దం గాల్లో కన్నా బాగా పోతుందని పందొమ్మిదేళ్ళు నేనే పాఠం చెప్పాను. మురళి లేస్తాడేమోనన్న భయం తప్ప ఇంకే ఆలోచనా రాలేదు నాకు.

వచ్చి పక్క తలుపు దగ్గర నిలబడ్డాను. అక్కణ్ణుంచి బయటా కనిపిస్తుంది, లోపలా కనిపిస్తుంది.

అతను నేల మీద మోకాళ్ళూని తండ్రి చెవి దగ్గర నోరు పెట్టాడు.

"నాయినా... లే నాయినా..."

లోపల గురక ఆగింది.

"నాయినా..."

మురళి వేళ్ళు దుప్పటి మీద కదిలాయి. పడుకో మురళీ, పడుకో, అనుకున్నాను మనసులో.

మూడోసారి అతని గొంతు పగిలిపోయింది. "నాయినా... లేరాదే..."

మురళి కళ్ళు తెరవలేదు. పెదవులు మాత్రం కదిలాయి.

"ఆఁ... బిడ్డా," అన్నాడు.

మెల్లగా, నాకు మాత్రమే వినబడేంత మెల్లగా. బయట అతను ఒక్కసారి తలెత్తాడు. తండ్రి మొహంలోకి చూశాడు, వంగి ఇంకోసారి చెవి పెట్టి చూశాడు. పెద్దమనిషి భుజం తట్టాడు. "అయిపాయె. లేపుండ్రి." ఆడవాళ్ళు అక్కణ్ణుంచి ఏడుస్తూ వెనక్కి తిరిగారు. పాడె లేచింది. మలుపు తిరిగాక డప్పులు మళ్ళీ మొదలయ్యాయి.

కలవరించాడు అనుకున్నాను. పిల్లల్లేని మనిషి బిడ్డా అని కలవరించడమేమిటని కూడా అనుకున్నాను. మెట్టెక్కి లోపలికి పోయాను.

మురళి లేచి కూర్చుని ఉన్నాడు. మంచం మూలకి, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని. పైనున్న చిన్న ఫ్యాను చూస్తున్నాడు. పొయ్యి చూశాడు. నన్ను చూశాడు. రెండు చేతులూ జోడించాడు.

"అమ్మా... జర నీళ్ళియ్యరాదుండ్రి."

"వేషాలా? మాత్ర వేసుకునే టైమైంది," అన్నాను.

నీళ్ళిస్తే తీసుకుని, ఎత్తి గటగటా తాగాడు. ఆ తర్వాత చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. చొక్కా గుండీ తీసి కుడి భుజం మీద తడుముకున్నాడు. మళ్ళీ తడుముకున్నాడు.

"కాయ లేదు," అన్నాడు భయంగా. "నలపై ఏండ్లు గడ్డిఅన్నారం మార్కెట్ల బత్తాయి పెట్టెలు మోసిన. బుజం మీద కాయ ఉండాలె గదమ్మా... గీ చేతులు ఎవలియి?"

నేను ఫోన్ కోసం వెతికాను.

"మా మహిపాల్ పిలిచిండు. లేసిన. ఏడున్నడు వాడు?"

పక్షవాతం అనుకున్నాను. మెదడులో ఏదో అడ్డుపడిందనుకున్నాను. ఆసుపత్రికి ఫోన్ చేస్తే నర్సు చెప్పింది, రెండు చేతులూ ఎత్తమనండి మేడమ్, నవ్వమనండి, మూతి వంకరపోయిందేమో చూడండి అని. ఎత్తమన్నాను. ఎత్తారు. నవ్వమన్నాను. ఎవరింట్లోనో తెలియక అడుగుపెట్టిన మనిషి ఇంటివాళ్ళని చూసి నవ్వినట్టు, మర్యాదగా నవ్వారు. మూతి వంకరపోలేదు. కానీ ఆ నవ్వు మురళిది కాదు. ఇరవై రెండేళ్ళు చూసిన మొహం మీద నాకు తెలియని నవ్వు. అతన్ని నువ్వు అనడానికి నాకు నోరు రాలేదు.

పరుగెత్తి ముత్తమ్మని పిలుచుకొచ్చాను. మెట్టు మీద కాలు పెట్టిందో లేదో లోపల్నుంచి పలకరింపు వచ్చింది.

"ముత్తీ, ఇయ్యాల పొయ్యి ముట్టియ్యలేదా?"

ముత్తమ్మ కొయ్యబారిపోయింది. "భిక్షపతన్నా..." అంది. నా చెయ్యి పట్టుకుని బరబరా కిందికి లాగింది.

"గిప్పుడు పోయిన పీనుగు గీనదే," అంది చెవిలో. "దినాం గీ యాల్లకు వచ్చి రెండు మిరపకాయలు తిని పోయేటోడు. పొద్దుగాల సచ్చిపోయిండని పొయ్యి ఆర్పిన. కొడుకు పిలిస్తే పలికిండు గదమ్మా! గాయిన గీడ లేసిండు. మరి నీ పెనిమిటి యాడికి పోయిండు?"

ఇద్దరం మలుపు వైపు చూశాం. డప్పులు సన్నగా వినబడుతున్నాయి.

"ఉరుకు," అంది ముత్తమ్మ. "అగ్గి పెట్టకముందే పో. నీ మనిషిని నువ్వు పిలువు. మూడుసార్లే పిలవాలె."

చదివిన ఫిజిక్స్ అంతా ఏమైందని అడక్కండి. మొగుడు అగ్గిలోకి పోతున్నాడంటే ఏ చదువు గుర్తొస్తుంది? ఎక్కి ఇంజను స్టార్టు చేశాను. బండి కదిలే ముందు అన్నీ సర్దుకోవాలి మాకు. అలమర గడియలు వెయ్యాలి, గిన్నెలు దించాలి, గ్యాసు కట్టెయ్యాలి. గ్యాసొక్కటి కట్టేశాను. మొదటి గుంతలోనే మెంతికూర, గ్లాసులు, కాఫీపొడి డబ్బా అన్నీ కిందికొచ్చాయి. వెనక ఆయన కడ్డీ పట్టుకుని ఏడుస్తున్నారు.

"అమ్మా, నీ సంసారం ఆగం చేసిన... నేను కావాలని రాలే. వాడు గట్ల పిలిస్తే ఉండబుద్ధి గాలే. నన్ను ఆడ దించు, పోత. వాణ్ణి ఒక్కసారి చూసి పోత."

జాలేసింది. అంతకంటే ఎక్కువగా అసహ్యమేసింది. ఆ ఏడుపు మురళి కళ్ళలోంచి వస్తోంది మరి.

చెరువు పక్క గల్లీలో నీళ్ళ ట్యాంకరు అడ్డం. హారను కొట్టాను. డ్రైవరు ఫోన్ మాట్లాడుతూ చెయ్యి ఊపాడు, ఆగమని. తల బయట పెట్టి నా పాఠం గొంతుతో తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. తీశాడు. కానీ మూడు నిమిషాలు పోయాయి. మలుపు తిరిగేసరికి పొద్దు వాలిపోయింది. శ్మశానం గోడ మీంచి పొగ లేస్తోంది.

అప్పటికే పెట్టేశారు...

గేటు దగ్గర బండి అడ్డంగా ఆపి దూకాను. ఆడది లోపలికి రాకూడదని ఎవరో అరిచారు. చితి నలభై అడుగుల దూరంలో ఉంది. కట్టెల పక్కల నుంచి మంట పైకి పాకుతోంది. నెయ్యి వాసన. పచ్చికట్టె చిటపట.

"మురళీ!" అన్నాను.

మగవాళ్ళందరూ తిరిగి చూశారు. ఏ జవాబూ లేదు.

"మురళీ!"

చితి చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కసారిగా వెనక్కి పడ్డారు. ఒకడు కింద పడి పాకుతూ లేచాడు. నా అరుపుకి జడిసారనుకున్నాను. నాకు వాళ్ళతో పని లేదు. ఒక్కటే మిగిలింది. గాలి నిండా తీసుకున్నాను.

"మురళీ... రా మురళీ... నేనిక్కడున్నాను..."

కట్టెల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒకటి... రెండు... మూడు క్షణాలు.

"ఆఁ... ఇందూ."

నా వెనక నుంచి. బండిలోంచి.

ఎలా ఎక్కానో తెలీదు. మంచం మీద కూర్చుని ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. అమ్మా అనలేదు. "ఏడవకు ఇందూ," అన్నాడు. కావలించుకుని వెక్కి వెక్కి ఏడ్చాను. మురళీ చంపేశావురా నన్ను అన్నాను. తల నిమిరాడు. దేవుళ్ళందరికీ మొక్కుకున్నాను.

తలుపు దగ్గర ఎవరో నిలబడ్డట్టు అనిపించి తిరిగాను. నిప్పుల కుండ మోసినతను, మహిపాల్. మొహంలో నెత్తురు చుక్క లేదు. బండి లోపలికి చూడటం లేదు, నన్నే చూస్తున్నాడు.

"అమ్మా," అన్నాడు. "ఇందూ అంటే ఎవలు?"

"నేనే. ఎందుకు?"

"నువ్వు మురళీ అని రెండోసారి పిలిచినవు చూడు. అప్పుడు... మంటల మా నాయిన నోరు తెరిచిండు. ఆఁ, ఇందూ అన్నడు. అందరం విన్నం."

నేను తలుపు పిడి పట్టుకున్నాను.

"వేడికి నరాలు గుంజుకుంటే గట్ల సప్పుడొస్తదని అంటున్నడు పెదనాయిన. కానీ మా ఇంట్ల ఆ పేరు ఎవ్వలకు లేదమ్మా. నువ్వు పిలిచింది గూడ ఆ పేరు కాదు. మా నాయినకు నువ్వెట్ల తెలుసు?"

రెండోసారికి అక్కడ పలికాడు. మూడోసారికి ఇక్కడ పలికాడు. నా మొగుడు ఎక్కడ పలికినట్టు?

నా వెనక మంచం మీద ఏ అలికిడీ లేదు. ఊపిరి కూడా వినబడటం లేదు.

"నాకేం తెలీదు నాయనా," అని తలుపు లాగేశాను.

ఆసుపత్రికి పోవాలని కూడా తోచలేదు. ఆ పొగ కనబడనంత దూరం పోవాలి, అంతే. ఎల్బీనగర్ చౌరస్తా, హయత్‌నగర్ దీపాలు, బస్సులు, హారన్లు... అబ్దుల్లాపూర్‌మెట్ దాటాక మూసేసిన టైర్ల షాపు ముందు ఆపాను. ఏడు గంటలైంది. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. కింద పడ్డ కాఫీపొడిలో దొరికినంత ఎత్తి కాఫీ కలిపాను. మాత్రలిచ్చాను. వేసుకున్నాడు.

"మన పెళ్ళి ఎక్కడైంది?" అన్నాను.

"అన్నవరంలో."

"గోకర్ణలో దేనికి పోట్లాడుకున్నాం?"

"...తడి తువ్వాలు."

"మా అమ్మ నిన్ను ఏమని పిలిచేది?"

"...కిట్టయ్య అని."

అన్నీ సరిగ్గానే చెప్పాడు. కాకపోతే ప్రతి జవాబూ కాస్త ఆలస్యంగా వచ్చింది. కొత్త వంటింట్లో ఉప్పు డబ్బా కోసం ఒక్కో మూతా తీసి చూసినట్టు వెతికి చెబుతున్నాడు. నీరసం అనుకున్నాను. గుండె జబ్బు మనిషి, చావు దాకా పోయి వచ్చాడు, నేనేమిటి ఇలా పరీక్షలు పెడుతున్నాను అని నన్ను నేనే తిట్టుకున్నాను.

"నొప్పిగా ఉందా?"

"లేదు. ఇప్పుడు ఏ నొప్పీ లేదు ఇందూ."

దీపం తీసి పక్కన పడుకున్నాను. ఎక్కడ పడుకోను? ఉన్నదొక్కటే మంచం. ముక్కు దగ్గర రెండు వేళ్ళు పెట్టాను. వెచ్చటి ఊపిరి. బతికున్నాడు. అది చాలు. నిజంగా అది చాలు అనుకున్నాను.

లారీల చప్పుడు కాసేపు తెరిపిచ్చింది.

"ఇందూ..."

తల దగ్గర. రేకుకి అవతల. బయట.

మురళి గొంతు. పొగ మింగినట్టు బొంగురుపోయింది గానీ, మురళిదే. ఇరవై రెండేళ్ళు విన్న గొంతుని నేను పోల్చుకోలేనా? పక్కకి తిరగాలంటే భయమేసింది. రెండు వేళ్ళకీ వెచ్చటి ఊపిరి తగులుతూనే ఉంది.

"ఇందూ... కాలిపోతోంది... తలుపు తియ్యి..."

నోరు తెరిచాను. పక్కనున్న చెయ్యి నా మణికట్టు మీద పడింది. గట్టిగా పట్టుకుంది.

"పలక్కు," అన్నాడు గుసగుసగా. "ఇంకొక్కసారే పిలుస్తాడు. అప్పటికీ పలక్కపోతే వెళ్ళిపోతాడు."

ఇతనికెలా తెలుసు?

ఊపిరి బిగబట్టి పడుకున్నాను. ఇద్దరం పడుకున్నాం. రేకు అవతల కూడా ఎవరో ఊపిరి బిగబట్టినట్టే ఉంది... తెల్లవారింది. మూడో పిలుపు రాలేదు.

రెండుసార్లు పిలిచిన మనిషి నా మొగుడైతే, తలుపు తియ్యకుండా అతన్ని మంటల్లో వదిలేసిన పాపం నాది. పక్కనున్నవాడు నా మొగుడైతే, ఆ రెండు పిలుపులూ ఎవరివో తెలీదు. ఏడ్చి ఏడ్చి ఇద్దరిలో ఎవర్ని నమ్మాలో తేల్చుకోలేకపోయాను. పేరు పెట్టి పిలిస్తే తేలిపోతుంది. కానీ ఏ వైపు నుంచి పలుకుతాడోనని ఆ పేరు నోట్లోంచి రానివ్వను.

ఏడాది దాటింది. ఎక్కడా రెండు రోజులకి మించి ఆగడం లేదు. మాత్రలు వేళకి వేసుకుంటాడు. నన్ను ఒక్క మాట అనడు. నేను కసురుకున్నా తిరిగి కసురుకోడు. తడి తువ్వాలు బయట తాడు మీద ఆరేస్తాడు. డాక్టరు చూసి గుండె బ్రహ్మాండంగా ఉందన్నాడు. సాయంత్రం ఇంజను ఆపగానే మాత్రం మాటలు మానేసి, వచ్చి నా మణికట్టు పట్టుకుని పక్కన పడుకుంటాడు. ఇద్దరం వింటూ ఉంటాం.

మొన్న గుసగుసగా అడిగాడు. "మూడోసారి పిలిస్తే... నువ్వు పలుకుతావా, ఇందూ?"



ఇప్పుడు లంబసింగిలో ఉన్నాం. తెల్లవారుజామున మంచు ఎంత దట్టంగా పడిందంటే ముందు అద్దం తుడవడానికి దిగాను. బండి ఒళ్ళంతా తడిసి, చెయ్యి పెడితే జివ్వుమంటోంది. చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళాను. వెనక తలుపు మీద, లోపల నా దిండు ఉండే ఎత్తులో, మనిషి మొహమంత మేర రేకు పొడిగా ఉంది. చెయ్యి వేసి చూశాను. వేడిగా ఉంది.